గట్టిపడని సిమెంటు

సరుకు అబద్ధమాడదు. ఆడితే అమ్మేవాడే ఆడాలి. ఆదోని పత్తి మార్కెట్లో పాతికేళ్లు దళారీ పని చేసి బసవరాజు నేర్చుకున్నది ఇంతే. ఆ పని వదిలి కర్నూలులో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా, వేళ్లకు పట్టిన అలవాటు మాత్రం వదల్లేదు. ఎవరు ఏది చూపించినా ముందు చిటికెడు తీసి నలిపి చూస్తాడు.

మంగళవారం పదకొండు ఇరవైకి ఆయన గండికోట కొండదారిలో, పిల్లిగుండు మలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఆ పనే చేస్తున్నాడు.

జరిగిందేమిటంటే, ఆదివారం ఉదయం ఆ దారిలో సైకిల్ రేసు పెట్టారు. ముప్పై కిలోమీటర్ల చుట్టు, రెండు సార్లు తిరగాలి. ముప్పై ఎనిమిది మంది బయల్దేరారు. మొదటి చుట్టు పొడి రోడ్డు మీద అయిపోయింది. రెండో చుట్టుకు వాన పట్టుకుంది. అందరికంటే ముందు కొండ దిగుతున్న వేణుగోపాల్ అనే కర్నూలు కుర్రాడు ఈ మలుపులో జారి, పిట్టగోడ రాయికి తల తగిలి అక్కడికక్కడే పోయాడు. అతని హ్యాండిల్‌కు బిగించిన మీటరు ఎనిమిది గంటల ఆరు నిమిషాలకు ఆగింది. రేసు ఆపేశారు. రాష్ట్ర జట్టు ఎంపికకు పోవలసిన ఒకే ఒక్క చోటు, రెండో స్థానంలో వస్తున్న వాడికి దక్కింది. అతను సైకిల్ క్లబ్బు అధ్యక్షుడు శివశంకర్ కొడుకు.

పోలీసులు సోమవారం సాయంత్రం ఐదు గంటలకు పట్టుకుపోయింది పెంచలయ్యను. ప్రొద్దుటూరులో సైకిల్ షాపు అతనిది. వేణుగోపాల్ సైకిల్‌ను రేసుకు సిద్ధం చేసినవాడు అతనే. "ముందు బ్రేకు నేనే వదులు చేసినా" అని కాగితం రాసి సంతకం కూడా పెట్టాడు. ఇరవై నాలుగు గంటల లోపల, అంటే ఈ సాయంత్రం ఐదు కొట్టే లోపల, అతన్ని కోర్టులో నిలబెట్టాలి. నిలబెడితే హత్య కేసు. ఇక జైలే.

అతని భార్య తిరుపతమ్మ తెల్లవారకముందే కర్నూలు బస్సు దిగి బసవరాజు తలుపు కొట్టింది. ఏడవలేదు. "మా ఆయన దొంగతనం చేసినాడంటే నమ్ముతా, అన్నా. నట్టు వదులుగా పెట్టినాడంటే నమ్మను" అంది.

ఆ ఒక్క మాటకే బసవరాజు కారు తీశాడు.

మలుపులో, కొండ దిగేవాళ్లు పోయే పక్క, బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. సిమెంటు లారీ నుంచి కారిన పొడి అని, ప్రమాదంతో దానికి సంబంధం లేదని పోలీసులు పంచనామాలో రాశారు. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల లారీలు తిరిగే సీమలో ఆ మాటను ఎవరూ కాదనరు. బసవరాజు గోటితో గీకాడు. పొడి సులువుగా లేచి వచ్చింది. రెండు వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా జారింది.

"వాన పడి రెండు దినాలాయె. ఇంకా గట్టిపడని సిమెంటు ఏ ఫ్యాక్టరీదో!" అని తనలో తాను అనుకుని, పిట్టగోడ కింద ఎండి ఉన్న చోట నుంచి రెండు గుప్పిళ్లు ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తుకున్నాడు.

అంతలో ఆయన ఫోన్ చేసి రమ్మన్న నాగజ్యోతి స్కూటీ మీద వచ్చింది. స్కూల్లో డ్రిల్లు టీచరు. రేసు రోజు ఈ మలుపులో జెండా పట్టుకుని నిలబడే పని ఆమెది.

"నువ్వు యాడ నిలబడినావమ్మా?"

"ఈడే సార్, ఈ గుండు పక్కన."

"పిల్లోడు పడింది చూసినావా?"

"చూసినా సార్. పోలీసోళ్లకు రాసి కూడా ఇచ్చినా."

"ఏ పక్కకు పడినాడు?"

ఆమె ఒకసారి పిట్టగోడ వైపు చూసింది. "ఎడమ పక్కకు."

బసవరాజు లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఇది కుడిచేతి మలుపు తల్లీ. ఇందులో జారినోడు కుడికే పడతాడు. పడినంక ఎడమకు జరుక్కుంటా పోయి గోడకు తగుల్తాడు. ఇదో చూడు, కుడి పెడలు తారును గీరిన గీత. చూసినోళ్లు పడింది చెప్తారు. చూడనోళ్లు గోడను బట్టి చెప్తారు."

"సార్, నా ఉద్యోగం పోతాది."

"నువ్వు దాచిపెడితే ఒక మనిషి జైలుకు పోతాడు. ఏది బరువో నువ్వే చూసుకో."

ఆమె గుండుకు ఆనుకుని, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. మొదటి చుట్టులో చివరి సైకిల్ ఏడు ఇరవై ఎనిమిదికి మలుపు దాటింది. ఏడు నలభై ఒకటికి వాన మొదలైంది.

"నలభై ఒకటే అని ఎట్ల తెలుసు?"

"వీడియో తీసినా సార్. ఎన్నాళ్లకో వాన. మా ఊళ్లో ఆ పొద్దు వీడియో తియ్యనోళ్లు ఎవరున్నారు?"

ఫోన్ తీసి చూపించింది. చినుకులు, ఆమె నవ్వు, చాచిన అరచెయ్యి, ఆమె వెనక మలుపు. తారు రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది. పొడి లేదు. బసవరాజు ఆ వీడియో మూడుసార్లు చూశాడు.

"ఆ తర్వాత?"

"నలభై అయిదుకు ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చినాడు. క్లబ్బోళ్లు ఆఫీసర్లకు పంచిన నీలం రైన్‌కోటు. టోపీ ముక్కు దాకా లాక్కొని ఉన్నాడు. ముందర రెండు సంచులు. 'టీచరమ్మా, తడిసి ముద్దయితాండావు, కిందికి పోయి టీ తాగి రాపో, జెండా నాకియ్యి' అన్నాడు."

"సంచుల్లో ఏముండాదో అడగలేదా?"

"ఇసక అనుకున్నా సార్. రోడ్డు జారకుండా చల్లుతారేమో అనుకున్నా. నేను తిరిగొచ్చేసరికి ఎనిమిది పది. పిల్లోడు గోడ కింద..." ఆమె ఆగిపోయింది.

"గొంతు గుర్తుపడతావా?"

"రైన్‌కోటు మీద వాన చప్పుడు సార్. పెద్దాయనే. అంతే చెప్పగలను."

ఏడు నలభై అయిదు నుంచి ఎనిమిది ఆరు దాకా ఇరవై ఒక్క నిమిషాలు. రెండు సంచులు కుమ్మరించడానికి ఐదు చాలు. మిగిలిన పదహారు నిమిషాల్లో వాన దాన్ని తడిపి రోడ్డు రంగులో కలిపేసింది. అరవై కిలోమీటర్ల వేగంతో తల వంచుకుని దిగేవాడి కంటికి అది ఆనదు.

"ఆ వీడియో నాకు పంపు. ఇప్పుడు చెప్పింది సీఐ గారి ముందర మళ్లీ చెప్తావా?"

నాగజ్యోతి వీడియో పంపి, "చెప్తా సార్" అంది.

కొండ కింద టీ బంకు దగ్గర తిరుపతమ్మ కాచుకుని ఉంది. బసవరాజు పక్కనే కడుతున్న ఇంటి దగ్గరికి పోయి గ్లాసెడు సిమెంటు అడిగి తెచ్చుకున్నాడు. కిరాణా కొట్టు తూకం ముందు నిలబడి, ఒకే టీ గ్లాసుతో ముందు సిమెంటు, తర్వాత మలుపులో ఎత్తిన పొడి, అంచుకు సమంగా తల కొట్టి తూచాడు. సిమెంటు రెండు వందల పది గ్రాములు. పొడి మూడు వందల నలభై.

"అదేందన్నా, గ్లాసు ఒకటే గదా?" అంది తిరుపతమ్మ.

"ముగ్గురాయి పొడమ్మా ఇది, సిమెంటు కంటే బరువు. మంగంపేట గనుల సరుకు. ఆదోనిలో కొందరు దొంగ యాపారులు బరువు తెప్పిచ్చేదానికి పత్తి బేళ్లలో దీన్నే చల్లుతారు. శానా మందిని పట్టించినా. మంగంపేట యాడ, ఈ కొండ యాడ? దారి తప్పి వచ్చే సరుకు కాదిది. ఎవరో మోసుకొచ్చినారు. చూసేదానికి సిమెంటు మాదిరే ఉంటాది గదా, ఈ సీమలో ఎవరు అడుగుతారులే అనుకున్నారు."

"సిమెంటే పోసుండొచ్చు గదా మరి?"

"సిమెంటు గుణం తెలిసినోడయితే దీన్ని పొయ్యడు, వానకు తడిసిన సిమెంటు తెల్లారేసరికి రాయి అయితాది, ఇది కాదు అని తెలుసు గాబట్టి. వీడికి గుణం తెలీదు. చేతికి దొరికిన మూట తెలుసు, అంతే."

టీ తాగుతూ పెంచలయ్య గురించి అడిగాడు. తిరుపతమ్మ చెప్పుకుపోయింది. వానలో రేసంటే ఈ సీమ పిల్లలకు ఏం తెలుసు? ఎండకు అలవాటుపడి, టైర్లకు రాయిలా గాలి కొట్టుకుని వచ్చారు. శనివారం మబ్బు చూసి పెంచలయ్య ఒక్కడే వేణుగోపాల్ టైర్లలో గాలి తగ్గించాడు. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేశాడు. "మలుపుకు ముందే బ్రేకు పట్టు నాయనా, మలుపులో పట్టొద్దు" అని పదిసార్లు చెప్పాడు.

"బిగిచ్చిన ప్రతి నట్టు మీద నా గోళ్ల రంగుతో గీత పెడతాడన్నా. నట్టుకూ బోల్టుకూ కలిపి ఒకే గీత. నట్టు గోరంత తిరిగినా గీత తెగిపోతాది. నేను ఏ పండక్కీ రంగేసుకోలేదు, సీసాలన్నీ ఆ షాపుకే."

బసవరాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ మాట పొద్దున్నే చెప్పకూడదామ్మా?"

"మీరు అడగలేదు గదన్నా."

స్టేషన్‌కు చేరేసరికి రెండు నలభై. సీఐ ధనుంజయ బల్ల ముందు కుర్చీలో శివశంకర్ కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఇరవై లారీల యజమాని. తెల్లచొక్కా, మెత్తని మాట. తిరుపతమ్మను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రా చెల్లెమ్మా. వకీలును మాట్లాడినా. ఒప్పుకున్నాడు గాబట్టి శిక్ష తగ్గుతాది. నేనున్నా గదా."

సీఐ బసవరాజును కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, పత్తి ధర పడిపోయిందా, మా స్టేషన్ దాకా వచ్చినావు?"

"పత్తి ధర బాగనే ఉండాది సార్. మీ కేసే పడిపోతాండాది."

"ఒప్పుకుని సంతకం పెట్టిన కేసు. నువ్వు గాదు, మీ ఆదోని మార్కెట్టంతా వచ్చి ఊదినా పడదు."

"బ్రేకు చూసినారా సార్?"

"వాడే వదులు చేసినా అన్నంక చూసేదేముంది?"

"మూట విప్పకుండా ధర కట్టినట్టుండాదే!"

సీఐ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "రాప్పా. విప్పి చూపిస్తా."

సైకిల్ స్టేషన్ వెనక రేకుల కింద ఉంది. ముందు చక్రం వంకరపోయింది గానీ బ్రేకుకు దెబ్బ తగల్లేదు. బసవరాజు చెయ్యి తగిలించకుండా సీఐనే పట్టి చూడమన్నాడు. సీఐ మీట నొక్కాడు. రబ్బర్లు చక్రాన్ని గట్టిగా కరుచుకున్నాయి. ఇంకోసారి నొక్కాడు. అంతే గట్టిగా.

"ఇప్పుడు ఆ నట్టు చూడండి. ఎర్రగీత కనపడతాండాదా?"

"ఉండాది. అయితే?"

"నట్టు తిరిగింటే ఆ గీత రెండు ముక్కలయ్యేది."

"ఎవరైనా మళ్లీ బిగిచ్చి మళ్లీ పూసుండొచ్చు."

"పూసినోడు దాని మీద ఆదివారం బురద కూడా పూసినాడా సార్? గీత కింద, బురద పైన. చిమ్మిన చుక్క గీతనూ నట్టునూ కలిపి ఎండిపోయుండాది, పగల్లేదు. రేసుకు ముందు బిగిచ్చినది ఇంతవరకూ కదల్లేదు."

సీఐ వంగి, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని చూశాడు. లేచేసరికి అతని ముఖంలో వెటకారం లేదు. అతను మొండివాడే గానీ దొంగ కాదు. కన్ను చూసినదాన్ని నోటితో కాదనడం అతనికి రాదు.

"అయితే ఎట్ల జారినాడు?"

లోపలికి వచ్చి బసవరాజు సిమెంటుదీ, మలుపు పొడిదీ రెండు పొట్లాలు బల్ల మీద పెట్టాడు. సీఐ రెండు చేతుల్లో ఒక్కొక్కటి పట్టించాడు. వీడియో చూపించాడు. నీలం రైన్‌కోటు, రెండు సంచులు, ఇరవై ఒక్క నిమిషాలు, మంగంపేట ముగ్గురాయి. ఒక్కొక్కటీ వరసగా, బేరం గెలుస్తున్నవాడి హుషారుతో చెప్పుకుపోయాడు. సీఐ పొట్లాలను చేతులు మార్చి బరువు చూస్తున్నాడు.

మాట్లాడింది శివశంకర్. "బాగనే ఉండాదప్పా. మరి తప్పు చెయ్యనోడు తప్పు చేసినా అని ఎందుకు రాసిస్తాడు?"

బసవరాజు నవ్వాడు. "ఊరికే ఎవరూ ఏదీ ఇయ్యరు సార్. సంతకం ఇచ్చినాడంటే బదులుకు ఏదో తీసుకునే ఉంటాడు. ఆ పొడి పోసినోణ్ణి పెంచలయ్య చూసుండాల, ఆ పేరు దాచేదానికే ఈ సంతకం. నాతో పది నిమిషాలు కూర్చోబెట్టండి, పేరు కక్కిస్తా."

"మంచి పని చేసినావు" అన్నాడు శివశంకర్. గడియారం చూసుకుని లేచి, వాకిట్లో కాచుకున్న తిరుపతమ్మ దగ్గర ఆగి రెండు మాటలు చెప్పి బయటికి నడిచాడు. అప్పుడు మూడు గంటల రెండు నిమిషాలు.

సీఐ పై అధికారికి ఫోన్ చేశాడు. ఆయన భోజనంలో ఉన్నారు. మళ్లీ చేశాడు. ఆయన దారిలో ఉన్నారు. నాగజ్యోతిని పిలిపించి ఆమె మాట కొత్తగా రాయించుకున్నాడు. చివరికి "నీ బాధ్యత మీద ఆపుకో" అనే మాట వచ్చేసరికి నాలుగు కావొచ్చింది. పెంచలయ్యను లోపలి నుంచి తెచ్చి బల్ల ముందు నిలబెట్టారు. గ్రీజు మరకలు పోని పొట్టి వేళ్లు. కళ్లు నేల మీదే.

"నీ బ్రేకు గట్టిగానే ఉండాదప్పా" అన్నాడు సీఐ. "కోర్టుకు పోవద్దులే. ఆ కాగితం కొట్టేస్తా."

పెంచలయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. సంతోషం మాత్రం లేదు ఆ ముఖంలో. "వద్దు సార్! కొట్టేయొద్దు. బ్రేకు నేనే వదులు చేసినా."

"గీత చూసినా పెంచలయ్యా" అన్నాడు బసవరాజు. "నీ చేతి పనికి నువ్వే మచ్చ పెట్టుకుంటాండావు. ఎవరి కోసం?"

అతను బసవరాజు వైపు తిరిగాడు. "మీరెవరో నాకు తెలీదన్నా. ఎంత పని చేస్తిరి!"

"చూసినావు గదా?"

ముందు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా. రేసు రోజు ఒక పిల్లవాడి సైకిల్ చైను తెగితే తాను మలుపు కింద ఆగి బిగిస్తున్నాడు. ఏడు యాభై అప్పుడు పైకి చూస్తే రైన్‌కోటు మనిషి సంచి కుమ్మరిస్తున్నాడు. గాలికి టోపీ వెనక్కి పడింది. ముఖం కనపడింది. అప్పుడు అర్థం కాలేదు. వేణుగోపాల్ చచ్చిపోయాక అర్థమైంది.

"నేరుగా ఆయన్నే పోయి అడిగితి సార్. తెలివితక్కువోణ్ణి. 'మోకాలు పగుల్తాదనుకున్నా, సచ్చిపోతాడనుకోలే' అన్నాడు. ఏడ్చినాడు కూడా. ఏడుస్తా ఏడుస్తానే అడిగినాడు, 'నీ బిడ్డ కాలేజీకి ఏ బస్సుకు పోతాది పెంచలయ్యా' అని. నేను సంతకం పెట్టి లోపలుంటే బిడ్డ జోలికి రాడు. అదీ బేరం."

"పేరు చెప్పు."

"మధ్యాన్నం మీ ఎదురుగానే కూర్చుని మాట్లాడినాడు గదా సార్, ఆ గొంతు లోపలికి వినపడింది. మంగంపేట నుంచి ముగ్గురాయి తోలే లారీలన్నీ ఎవరివి?"

బసవరాజు శివశంకర్ లేచిపోయిన కుర్చీ వైపు తిరిగాడు. పాతికేళ్లు మార్కెట్లో ఉండి కూడా, ఎదుట కూర్చున్నవాడు ఎవరో కనుక్కోకుండా సరుకంతా విప్పి పరిచాడు. ధర కూడా తానే చెప్పాడు.

సీఐ వాకిలి వైపు తిరిగి అరిచాడు. "తిరుపతమ్మా! నీ బిడ్డ యాడుండాది?"

తిరుపతమ్మ గడప దగ్గరికి వచ్చింది. మొగుణ్ణి వదిలేస్తారని విన్న ముఖం, నిన్నటి నుంచి మొదటిసారి తేటగా ఉంది. "పద్మప్రియనా సార్? వస్తాండాది. నాన్నను చూపిద్దామని శివశంకరన్న కారు పంపిచ్చినాడు. మూడు పదికి ఎక్కినా అని ఫోన్ చేసింది."

ప్రొద్దుటూరు నుంచి స్టేషన్‌కు అరగంట దారి. వానకు నెమ్మదిగా వచ్చినా నలభై నిమిషాలు. బయట వాన లేదు. గోడ గడియారం నాలుగు పది చూపిస్తోంది.

బసవరాజు తిరుపతమ్మ చేతిలో ఫోన్ లాక్కుని ఆ పిల్ల నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎత్తారు. "పద్మప్రియా!" అన్నాడు బసవరాజు.

"ఏమప్పా బసవరాజూ" అంది శివశంకర్ గొంతు, స్టేషన్లో ఉన్నంత మెత్తగానే. "ఆ కాగితం ఇంకా ఉండాదా, చింపేసినారా?"

సీఐ చేతిలో ఉన్న కాగితాన్ని అందరూ చూశారు. ఇంకా చింపలేదు.

"ఉండాది" అన్నాడు బసవరాజు.

"అట్లయితే దాన్నీ పెంచలయ్యనూ కోర్టుకు పంపిచ్చండి. ఐదు దాకా టైముంది గదా. ఇంకా యాభై నిమిషాలు."